మందెంత, గుళ్లెంత? మజిల్ లోడర్ షాట్‌గన్‌పై పాఠకుల ప్రశ్నలు

నోటి వైపు నుంచి మందు దట్టించి పేల్చే పాత షాట్‌గన్ల గురించి గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల నుంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. ఈ జవాబులు లైసెన్స్ ఉన్న తుపాకికి, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర కొన్న నల్లమందుకు (బ్లాక్ పౌడర్ అనే తుపాకి మందుకు), అనుమతి ఉన్న రేంజ్‌కు మాత్రమే వర్తిస్తాయి.

తాతగారి 12 బోర్ జోడు గొట్టాల మజిల్ లోడర్ లైసెన్సు నా పేరుకు మారింది. క్లే టార్గెట్ల (గాల్లోకి విసిరే మట్టి పళ్లేల) మీద వాడాలనుకుంటున్నాను. మందు ఎంత పోయాలి, గుళ్లు ఎంత పోయాలి? మూడు వేళ్ల మందు అని ఒకరు, నాలుగు వేళ్లని మరొకరు చెబుతున్నారు. – ఒక పాఠకుడు, మంగళగిరి

వేళ్ల లెక్క ముందు మానేయండి. దట్టించాక కడ్డీ గొట్టం బయటికి ఎన్ని వేళ్లు పొడుచుకు వచ్చిందో చూసే పద్ధతి అది. అందులో మందు, బిళ్లలు (మందు మీద, గుళ్ల మీద పెట్టే వ్యాడ్లు), గుళ్లు అన్నీ కలిసిపోతాయి. బిళ్ల మందంగా ఉంటే మందు తక్కువ పడినా వేళ్లు సరిపోతాయి, పలచగా ఉంటే మందు ఎక్కువైనా తెలియదు. పైగా మీ వేలూ మీ తాతగారి వేలూ ఒకటి కాదు.

నల్లమందు షాట్‌గన్‌కు మొదటి సూత్రం సమాన ఘనపరిమాణం. మందు పోసిన కొలపాత్రతోనే గుళ్లూ పోయాలి. బరువులు సమానం కావాలని కాదు, పాత్ర నిండుదల సమానం కావాలి. నల్లమందు ఘన సెంటీమీటరుకు సుమారు 1 గ్రాము తూగుతుంది. అదే చోటులో పోసిన సన్న సీసపు గుళ్లు ఆరు గ్రాములకు పైగా తూగుతాయి. అందుకే 75 గ్రెయిన్ల మందు పట్టే పాత్రలో దాదాపు 1⅛ ఔన్సుల గుళ్లు పడతాయి. ఈ రెండూ 12 బోర్‌కు చక్కగా కుదురుతాయి.

అంకెల్లోకి వస్తే, 12 బోర్‌ను 2½ డ్రాముల మందుతో, 1 ఔన్సు గుళ్లతో మొదలుపెట్టండి. అంటే 68 గ్రెయిన్లు లేదా 4.4 గ్రాముల మందుకు 28 గ్రాముల గుళ్లు. తుపాకి నిమ్మళంగా పేలుతూ, కాగితం మీద పరుపు (గుళ్లు పరుచుకునే తీరు) బాగా పడుతుంటే అక్కడే ఆగిపోవచ్చు. లేదంటే 2¾ డ్రాములకు (75 గ్రెయిన్లు, 4.9 గ్రాములు) వెళ్లి, గుళ్లు 28 నుంచి 32 గ్రాముల మధ్య ఉంచండి. 3 డ్రాములు (82 గ్రెయిన్లు, 5.3 గ్రాములు), 1⅛ ఔన్సులు అనేది నిక్షేపంగా ఉన్న 12 బోర్‌కు నిండు కొలత. పాత తుపాకికి అంతకు మించి పోయొద్దు.

16 బోర్‌కు 2¼ నుంచి 2½ డ్రాముల మందు, ⅞ నుంచి 1 ఔన్సు గుళ్లు. 20 బోర్‌కు 2 నుంచి 2¼ డ్రాముల మందు, ¾ నుంచి ⅞ ఔన్సు గుళ్లు. తుపాకి మీద బోర్ అంకె ఉంది కదా అని నమ్మి ఊరుకోకండి. వెర్నియర్ కాలిపర్‌తో నోటి దగ్గర లోపలి వ్యాసం కొలవండి. 12 బోర్ అంటే 18.5 మిల్లీమీటర్లు, 16 అంటే 16.8, 20 అంటే 15.6. చేత్తో చేసిన పాత గొట్టాల్లో ఈ అంకె అటూ ఇటూ అవుతుంది, ఆ తేడా బిళ్లల దగ్గర తెలుస్తుంది.

మందు రవ్వ గురించి ఒక మాట. డబ్బా మీద ఎఫ్ అక్షరాలు పెరిగేకొద్దీ రవ్వ సన్నమవుతుంది, సన్న రవ్వ త్వరగా మండి ఒత్తిడిని పెంచుతుంది. 12, 16 బోర్లకు రెండు ఎఫ్‌ల మందు వాడాలి. మూడు ఎఫ్‌లది చిన్న బోర్లకు పనికొస్తుంది. 12 బోర్‌లో అదొక్కటే దొరికిందని వాడాల్సి వస్తే కొలత పదో వంతైనా తగ్గించండి. నాలుగు ఎఫ్‌లది చెకుముకి తుపాకి పళ్లెంలో చిటికెడు వేయడానికే, గొట్టంలోకి కాదు.

ఇదంతా గొట్టం మంచిదైతేనే. ముందు లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్‌కు చూపించండి. గొట్టం లోపల తుప్పు గుంటలు, బయట సొట్టలు, వెనక బిరడా మర, నిపిల్ (నిప్పు పుట్టించే చిన్న టోపీని, అంటే క్యాప్‌ను, తొడిగే మొన) మరలు, గోడ మందం చూడమనండి. ఇనుమూ ఉక్కూ పేనినట్టు చారలున్న డమాస్కస్ గొట్టమైతే మరీ జాగ్రత్త, ఆ అతుకుల్లో తుప్పు బయటికి కనిపించకుండా తినేస్తుంది. నిపిల్ రంధ్రం అరిగి పెద్దదైతే పేలిన ప్రతిసారీ వాయువు వెనక్కి తన్ని హ్యామర్‌ను లేపుతుంది, క్యాప్ ముక్కలు కంటి వైపు వస్తాయి. నిపిల్ మార్చడం చిన్న పని, వాయిదా వేయొద్దు. మొదటి రెండు మూడు పేలుళ్లు తుపాకిని బిగించి, దూరం నుంచి తాడుతో ట్రిగ్గర్ లాగి చూస్తే ఇంకా మంచిది.

మందు ఎక్కువ పోస్తే గుళ్లు ఎక్కువ దూరం పోతాయి కదా? నా తుపాకిలో 3½ డ్రాములు పోస్తే మోత అదిరింది కానీ 30 గజాల్లో టార్గెట్ ఒక్కటీ పగలలేదు. – తెనాలి

మోత పెరిగింది, పరుపు చెదిరింది. షాట్‌గన్‌లో పని చేసేది వేగం ఒక్కటే కాదు. గుళ్లు దగ్గర దగ్గరగా, సమానంగా పరుచుకుని వెళ్లాలి. మందు ఎక్కువైతే వాయువు బిళ్లను గట్టిగా తోస్తుంది. అడుగు వరస గుళ్లు నలిగి చదునవుతాయి. చదునైన గుండు గాలిలో వంకరగా పోతుంది. గొట్టం దాటాక కూడా బిళ్ల వేగంగా తోసుకొచ్చి గుళ్ల గుంపును మధ్యలోంచి చీలుస్తుంది. అప్పుడు కాగితం మీద గారె ఆకారం పడుతుంది, చుట్టూ గుళ్లు, నడుమ ఖాళీ. మీరు గురి సరిగ్గా పెట్టినకొద్దీ టార్గెట్ ఆ ఖాళీలోంచే వెళ్లిపోతుంది.

ఇంకొకటి, గుండ్రటి చిన్న సీసపు గుండుకు గాలి పెద్ద శత్రువు. ఎంత వేగంగా బయల్దేరితే గాలి అంత గట్టిగా వెనక్కి లాగుతుంది. నోటి దగ్గర సంపాదించిన అదనపు వేగంలో చాలా భాగం 40 గజాలకు చేరేలోపే పోతుంది. మిగిలేది భుజం నొప్పి, చెదిరిన పరుపు, పాత గొట్టం మీద అనవసరపు ఒత్తిడి. మందు తగ్గించి గుళ్లు అలాగే ఉంచితే పరుపు బిగుస్తుంది, పాత షాట్‌గన్ వాళ్లందరూ చివరికి చేరేది అక్కడికే.

మాటలతో తేలదు కాబట్టి కాగితం మీద చూడండి. 1.2 మీటర్ల చదరపు కాగితం కట్టి, నడుమ చిన్న గుర్తు పెట్టి, 30 గజాల నుంచి (27.4 మీటర్లు) ఒక్కసారి పేల్చండి. పేల్చాకే గుళ్లు బాగా గుమిగూడిన చోటు చుట్టూ 30 అంగుళాల (76 సెంటీమీటర్ల) వ్యాసంతో వలయం గీయండి, ముందే గీసిన వలయంలోకి కొట్టడం కాదు. లోపలి రంధ్రాలు లెక్కపెట్టండి. చోక్ (నోటి దగ్గర బిగుతు) లేని గొట్టం ఈ దూరంలో సుమారు 60 శాతం గుళ్లను వలయంలో వేయాలి. బ్రిటిష్ లెక్కలో 7 నంబరు గుళ్లు ఔన్సుకు 340 వస్తాయి, అంటే 200 రంధ్రాలకు అటూ ఇటూ. లెక్క సరిపోయినా ఆగకండి. క్లే టార్గెట్ వ్యాసం 11 సెంటీమీటర్లు. అంత అట్ట బిళ్ల కోసి కాగితం మీద అటూ ఇటూ జరుపుతూ, దాని కింద ఒక్క రంధ్రమూ లేని చోట్లు ఎన్నున్నాయో చూడండి. టార్గెట్లు తప్పించుకునేది ఆ చోట్లలోంచే.

ఒక కొలతకు ఒక్క కాగితం చాలదు, కనీసం అయిదు కావాలి. కాగితానికో పేలుడు. ఒకసారికి ఒక్కటే మార్చండి. నడుమ ఖాళీ పడితే మందు ¼ డ్రాము (7 గ్రెయిన్లు) తగ్గించండి. తగ్గించినా పోకపోతే మధ్యలోని ఫెల్ట్ బిళ్లను సగానికి కోసి పలచన చేయండి, గుళ్ల మీది అట్ట ఇంకా సన్నది పెట్టండి. గుళ్లు గుంపులు గుంపులుగా పడుతుంటే మెత్తని సీసం కావచ్చు, యాంటిమనీ కలిపిన గట్టి గుళ్లు తెచ్చి చూడండి. వలయంలో లెక్కే తక్కువగా ఉండి, ఒక్కో పేలుడు ఒక్కోలా ఉంటే బిళ్లల దగ్గర వాయువు కారుతోంది. తుపాకి ముందు పడ్డ బిళ్లలు ఏరి చూడండి, అంచు కాలి ఉంటే అదే కారణం.

రెండు గొట్టాలూ విడివిడిగా పరీక్షించండి. ఒకే తుపాకిలో కుడి గొట్టానికి నచ్చిన కొలత ఎడమ దానికి నచ్చకపోవడం మామూలే.

డ్రాము, గ్రెయిన్, ఔన్సు, గ్రాము అంటూ ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. మా వీధిలోని బంగారం పనివారి త్రాసులో తూచుకోవచ్చా? – పటమట, విజయవాడ

1 డ్రాము అంటే 27.3 గ్రెయిన్లు, 1.77 గ్రాములు. 16 డ్రాములు 1 ఔన్సు. 1 ఔన్సు అంటే 28.35 గ్రాములు, పాత తులాల్లో దాదాపు 2.4. 1 గ్రాముకు 15.4 గ్రెయిన్లు. మందు డ్రాముల్లో, గుళ్లు ఔన్సుల్లో చెప్పడం పాత ఇంగ్లిష్ అలవాటు, అది ఇప్పటికీ మిగిలింది.

గుళ్లు ఆ త్రాసులో తూచండి, ఏ ఇబ్బందీ లేదు. మందు మాత్రం ఆ కొట్టుకు తీసుకెళ్లొద్దు. అక్కడ గ్యాస్ మంట, కొలిమి ఉంటాయి. మందు కొలవడానికి ఇత్తడి కొలపాత్ర ఉంటే చాలు. దాని మీద అంకె సరైనదో కాదో తేల్చుకోవాలంటే పాత్ర నిండా నీళ్లు పోసి, ఆ నీళ్లు తూచండి. 4.9 గ్రాముల నీళ్లు పడితే సుమారు 75 గ్రెయిన్ల నల్లమందు పాత్ర అన్నమాట. తర్వాత పాత్రను పూర్తిగా ఆరబెట్టండి. పోసేటప్పుడు ప్రతిసారీ ఒకేలా పోయండి. ఒకసారి కుదిపి, ఒకసారి కుదపకుండా పోస్తే కొలత మారిపోతుంది.

గుంటూరులో వ్యాడ్లు దొరకడం కష్టం. కొబ్బరి పీచు, గోనె, పాత పేపరు కుక్కితే పని జరగదా? – సత్తెనపల్లి

కొబ్బరి పీచు ముట్టుకోకండి. బడ్డీ కొట్ల దగ్గర బీడీ ముట్టించుకోవడానికి కొబ్బరి తాడు వేలాడదీసేవారు గుర్తుందా? ఒకసారి అంటుకుంటే గంటల తరబడి రాజుకుంటూనే ఉంటుంది కాబట్టే దాన్ని వాడేవారు. తుపాకిలోనూ అంతే. నిప్పు తునక గొట్టంలో మిగిలిపోతే తర్వాత పోసే మందు చేతిలోనే అంటుకుంటుంది. బయటపడిన పీచు మిర్చి కల్లంలోనో పత్తి చేలోనో పడితే ఇంకో ప్రమాదం. గోనె, పేపరు, గుడ్డ పీలికలకూ ఇదే దోషం ఉంది, పైగా అవి వాయువును ఆపలేవు.

కావలసినవి మూడు రకాల బిళ్లలు. మందు మీద గట్టి అట్ట బిళ్ల, సుమారు 3 మిల్లీమీటర్ల మందం. దాని మీద మెత్తని ఉన్ని ఫెల్ట్ బిళ్ల, 10 నుంచి 12 మిల్లీమీటర్లు. తర్వాత గుళ్లు, గుళ్ల మీద ఒక మిల్లీమీటరుకు లోపు పలచని అట్ట. గాస్కెట్లు కోసే వాడ్ పంచ్ ఇనుప సామాన్ల కొట్లలో దొరుకుతుంది. మీ గొట్టం వ్యాసం కంటే వెంట్రుకవాసి పెద్దది తీసుకోండి. బిళ్ల వేలితో నొక్కితే బిగుతుగా దిగాలి, జారిపోకూడదు. మందు మీది బిళ్ల వదులైతే ఎంత మంచి కొలతైనా వృథా. పై అట్టకు సూదితో చిన్న రంధ్రం చేస్తే దిగేటప్పుడు గాలి బయటికి పోతుంది.

ఫెల్ట్ బిళ్లను తేనెమైనం, కొబ్బరి నూనె కరిగించిన మిశ్రమంలో ముంచి పిండండి. మామూలు రోజుల్లో ఒక వంతు మైనానికి రెండు వంతుల నూనె. మే నెల బెజవాడ ఎండకు అది కారిపోతుంది కాబట్టి సమానంగా కలపండి. ఇంజన్ ఆయిల్, పెట్రోలియం గ్రీజు వద్దు, నల్లమందు మసితో కలిసి తారులా గడ్డకడతాయి. కొత్త తూటాల్లోని ప్లాస్టిక్ వ్యాడ్ కూడా ఇక్కడ పనికిరాదు, కరిగి గొట్టం గోడకు చారలుగా అంటుకుంటుంది. నూనె బిళ్లకూ మందుకూ మధ్య అట్ట బిళ్ల తప్పనిసరి, లేకపోతే నూనె దిగి మందు పాడవుతుంది.

విదేశీ తూటాల పెట్టె మీద 3 డ్రాములు, 1⅛ ఔన్సులు అని ఉంది. అంటే ఆ తూటాలోని మందు 3 డ్రాములు తీసి నా మజిల్ లోడర్‌లో పోయొచ్చా? దీపావళి బాంబుల మందు సంగతేమిటి? – గన్నవరం

రెండూ వద్దు. ఒక్కసారి కూడా, చిటికెడు కూడా వద్దు.

పెట్టె మీది 3 డ్రాములు ఆ తూటాలో ఉన్న మందు తూకం కాదు. 3 డ్రాముల నల్లమందు ఎంత వేగం ఇస్తుందో ఈ తూటా అంత వేగం ఇస్తుందని చెప్పే పోలిక. 1⅛ ఔన్సుల గుళ్లకు ఆ వేగం సెకనుకు 1200 అడుగులు. తూటాలోది పొగరాని మందు. అదే కొలత పోస్తే అది నల్లమందు పెంచే ఒత్తిడికి ఎన్నో రెట్ల ఒత్తిడి పెంచుతుంది. మజిల్ లోడర్ గొట్టం చీలి చేతివేళ్లు, కళ్లు పోతాయి. నల్లమందులో కొంచెం కలిపినా అంతే. బాణసంచాలో అల్యూమినియం పొడి కలిపిన మెరుపు మందు ఉంటుంది, అది గుళ్లను తోయడానికి కాదు, పగలగొట్టడానికి చేసింది. ఇంట్లో మందు తయారు చేసుకోవడం కూడా నేరమే. డీలర్ దగ్గర సీలు ఉన్న డబ్బాలోదే వాడండి. గడ్డకట్టిన మందును నలిపి వాడొద్దు. డబ్బాను వంటింట్లో, పూజగదిలో, ఎండలో ఆపిన కారులో పెట్టొద్దు.

ఎన్నికల కోడ్ అప్పుడు స్టేషన్‌లో డిపాజిట్ చేసిన తుపాకి తిరిగి ఇంటికొచ్చింది. అసలు అందులో మందు ఉందో లేదో గుర్తులేదు. ఎలా తెలుస్తుంది? – నరసరావుపేట

ఉందనే అనుకుని మొదలుపెట్టండి. నల్లమందు గొట్టంలో ఏళ్లు గడిచినా పేలుతుంది. నిపిళ్ల మీద క్యాప్‌లు లేవని ముందు చూసుకోండి. నోరు మనుషుల వైపు లేకుండా పట్టుకుని కడ్డీని గొట్టం అడుగు దాకా దించండి, నోటి దగ్గర కడ్డీ మీద గుర్తు పెట్టండి. తర్వాత కడ్డీని గొట్టం బయట పక్కన, ఆ గుర్తు నోటి దగ్గరే ఉండేలా ఆనించి చూడండి. కడ్డీ కొస నిపిల్ దాకా వస్తే గొట్టం ఖాళీ. రెండు మూడు అంగుళాల ముందే ఆగితే లోపల ఏదో ఉంది. రెండో గొట్టమూ చూడండి. మందు ఉంటే మీరు పొడవకండి, వేడి చేయకండి. తుపాకి లోపల మందు ఉందని ముందే చెప్పి గన్‌స్మిత్‌కు అప్పగించండి.

ఖాళీగా ఉన్నప్పుడే కడ్డీ మీద శాశ్వత గీత ఒకటి, మీ కొలత దట్టించాక ఇంకో గీత పెట్టుకోండి. ఒకే గొట్టంలో రెండుసార్లు పోసేయడం జోడు గొట్టాల వాళ్లు చేసే పెద్ద పొరపాటు. ఈ రెండో గీత దాన్ని పట్టిస్తుంది.

అదే గీతకు ఇంకో పని ఉంది. కుడి గొట్టం పేల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నుతుంది. ఎడమ గొట్టంలో పై అట్ట వదులుగా ఉంటే ఆ కుదుపుకు గుళ్లు ముందుకు జరుగుతాయి. మందుకూ గుళ్లకూ మధ్య ఖాళీ ఏర్పడితే, పేలినప్పుడు గొట్టం అక్కడ ఉంగరంలా ఉబ్బుతుంది లేదా పగులుతుంది. అందుకే ఒక గొట్టం పేల్చి మళ్లీ నింపేటప్పుడు, ముందు రెండో దాని క్యాప్ తీసేసి, కడ్డీతో దాని గుళ్లను కూడా ఒకసారి అడుగుకు నొక్కండి.

నింపేటప్పుడు మందును డబ్బా నుంచి, మందు దాచే కొమ్ము నుంచి నేరుగా గొట్టంలోకి వంపకండి. గొట్టంలో నిప్పు తునక ఉంటే కొలపాత్రలోని 5 గ్రాములు అంటుకోవడం వేరు, చేతిలోని డబ్బా అంటుకోవడం వేరు. ముఖం, ఛాతీ నోటి మీదికి వంచొద్దు, కడ్డీని పిడికిలితో కాక వేలికొసలతో తోయండి. క్యాప్ అన్నిటికంటే ఆఖర్న. పేలకపోతే నోరు టార్గెట్ల వైపే ఉంచి నిమిషం పాటు అలాగే పట్టుకోండి.

అడవి పందులు మొక్కజొన్న పాడుచేస్తున్నాయి. ఏ సైజు గుళ్లు వాడాలి? – అమరావతి దగ్గర ఒక రైతు

మీ నష్టం మాకు అర్థమవుతుంది. కానీ పంట కాపాడటానికి ఇచ్చిన తుపాకి లైసెన్సు వేట అనుమతి కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అధీకృత అటవీ అధికారి రాతపూర్వక అనుమతి కావాలి. ముందు అటవీ రేంజ్ కార్యాలయంలో దరఖాస్తు ఇవ్వండి. గుళ్ల సంగతి ఆ తర్వాతే.

పెళ్లిలో గుళ్లు లేకుండా మందు మాత్రమే పోసి పేల్చితే తప్పేముంది? – చిలకలూరిపేట

2019 సవరణ తర్వాత వేడుకల్లో నిర్లక్ష్యంగా తుపాకి పేల్చి ఇతరులను ప్రమాదంలో పెట్టడం ఆయుధ చట్టం కింద శిక్షార్హం. రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. గుళ్లు లేకపోయినా దగ్గర్లో ఉన్నవారికి అట్ట బిళ్లే గుండు. పేల్చొద్దు.

ఎంత తుడిచినా వారంలో గొట్టం ఎర్రబడుతోంది. – బాపట్ల

సముద్రం దగ్గరి గాలికి నల్లమందు మసి తోడైతే వారం కూడా పట్టదు. ఆ మసిలో తేమను పీల్చే లవణాలుంటాయి, అవి నూనెలో కరగవు. నూనె గుడ్డతో ఎంత తుడిచినా మసి నూనె కిందే ఉండి ఇనుమును తింటుంది. దానికి నీళ్లే మందు. పేల్చిన రోజు రాత్రికే, మర్నాటికి వాయిదా వేయకుండా, గొట్టాలను చెక్క నుంచి విడదీసి, నిపిళ్లు తీసి, వెనక భాగం వేడి సబ్బు నీళ్ల బకెట్‌లో ఉంచండి. కడ్డీకి గుడ్డ చుట్టి పంపులా పైకీ కిందికీ ఆడిస్తే నీళ్లు నిపిల్ రంధ్రం గుండా వెళ్లి దారి మొత్తం కడుగుతాయి. నీళ్లు తేటగా వచ్చేదాకా మార్చండి. చివరగా బాగా మరిగిన నీళ్లు ఒక్కసారి పోస్తే గొట్టం వేడెక్కి తనంతట తానే ఆరుతుంది. గొట్టం గోరువెచ్చగా ఉండగానే పలచగా నూనె రాసి, నోరు కిందికి ఉంచి నిలబెట్టండి. నూనె నిపిల్ వైపు దిగితే తర్వాత క్యాప్ కొట్టినా మందు అంటుకోదు. మర్నాడు తెల్లగుడ్డ దించి చూడండి, గోధుమ రంగు కనిపిస్తే మళ్లీ కడగండి. తోలు ఒరలో దాచొద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది. మళ్లీ వాడే రోజున నింపే ముందు గొట్టంలో నూనె పొడిగుడ్డతో తుడిచేసి, ఒక్కో నిపిల్ మీద ఉత్త క్యాప్ పేల్చండి. నోరు గడ్డిపరక దగ్గర పెట్టినప్పుడు అది కదిలితే దారి శుభ్రంగా ఉన్నట్టే.